తాడు మీద మూడో చోటు

ముందే చెప్పేస్తున్నాను, నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. పెళ్ళిళ్ళలోనూ పండగల్లోనూ మైకు పట్టుకుని "దయచేసి అందరూ కూర్చోవాలి" అని చెప్పీ చెప్పీ నాకీ పుస్తకం భాష అలవాటైపోయింది. కోపమొచ్చినా, గుండె జారినా మాత్రం మా పేట మాట వచ్చేస్తాది. వస్తే సర్దుకోండి.

నా పేరు రోజారమణి. విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు వెనక సందులో 'రోజా సౌండ్ సర్వీస్' నాదే. మా నాన్న పెట్టిన షాపు. ముందు గదిలో షాపు, వెనక రెండు గదుల్లో కాపరం. నేనూ, నా మొగుడు మోహనూ, మా అత్త తాయారూ ఉంటాం. మోహన్ బోటు మీద వలలు లాగే కలాసీ. మంచోడే గానీ బొంగురు గొంతు, నోరు పెద్దది. కూరలో ఉప్పు తక్కువైతే పోర్టులో క్రేన్ మీదున్నోడికి కూడా వినపడేలా అరుస్తాడు. నేనూ ఏం తక్కువ తినలేదు లెండి, వాడొకటంటే నేను రెండంటాను.

మా నాన్న కాలంలో క్యాసెట్లు. నా కాలానికి ల్యాప్‌టాప్. అది మా మరిది సాయిశంకర్ కొనిచ్చాడు. దువ్వాడలో ఏదో గోడౌన్‌లో కంప్యూటర్ పని చేస్తాడు వాడు. పాటల ప్లేయరు ఎక్కించిందీ, ఎలా వాడాలో నేర్పిందీ వాడే.

ఈ ప్లేయరు సంగతి కొంచెం చెప్పాలి. పాటల్ని ఏ ఫోల్డరులో పెడితే ఆ ఫోల్డరు ప్రకారమే కనపడతాయని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఒట్టిది. ఫోల్డరంటే మన అలమార, అంతే. ప్లేయరు దాని మొహం కూడా చూడదు. ప్రతి పాట ఫైలు కడుపులో ఒక చీటీ ఉంటుంది, దాన్ని ట్యాగు అంటారు. పాట పేరు, పాడినవాడి పేరు, ఏ ఆల్బమ్ తాలూకు, అందులో ఎన్నో నంబరు, అన్నీ ఆ చీటీలోనే. ప్లేయరు ల్యాప్‌టాప్ అంతా గాలించి, ఎక్కడెక్కడో పడున్న పాటల చీటీలు చదివి, ఒకే ఆల్బమ్ పేరున్నవాటినన్నిటినీ పిలిచి నంబరు వరసలో కూర్చోబెడుతుంది. నువ్వు ఏ మూల దాచినా సరే, చీటీలో ఏముంటే దానికి అదే లెక్క.

ఇక మా పేట ఆనవాయితీ. ఎండాకాలంలో ప్రభుత్వం వేట ఆపేస్తుంది కదా, ఆ నిషేధం తీరిన రోజు బోట్లన్నీ ఒక్కసారి కదులుతాయి. వెనకటికి వల తాడు లాగేటప్పుడు ఒకడు పాడితే మిగతావాళ్ళు అందుకునేవారు. ఇప్పుడు వించీ మిషను లాగుతోంది, పాటతో పని లేదు. అయినా తాడు మీద ఎవడి చోటు వాడిదే. ఒకటో చోటు, రెండో చోటు, మూడో చోటు... ఆ లెక్క ఎవరూ మార్చరు. బోటు కదిలే రోజు ఒక్కో కలాసీ పాడిన పాటని చోటు వరసలో మైకులో వెయ్యాలి. ఎవడి గొంతు వినపడితే వాడు గట్టు నుంచి వేసిన బల్ల మీద నడిచి బోటెక్కుతాడు. గొంతు వినపడకుండా ఎవడూ ఎక్కడు. వినపడ్డాక ఎక్కకుండా ఎవడూ ఉండడు. ఆ పాటలు రికార్డు చేసేదీ, వేసేదీ నేనే. బోటు పేరే ఆల్బమ్ పేరు, తాడు మీద చోటే పాట నంబరు.

మా మోహన్ ఈ ఏడు కొత్తగా చేరిన బోటు పేరు గంగాలమ్మ తల్లి. దాని డ్రైవరు వరహాలు. పోయిన చలికాలం వరకూ ఆ బోటులో మూడో చోటు దొరబాబుది. పేటలో వాడిలా పాడేవాడు లేడు. లైను చివర గొంతుని అలా సాగదీసి వదిలేవాడు... ఆడోళ్ళం సేపలు ఎండేసుకుంటూ ఆగిపోయి వినేవాళ్ళం. వాయుగుండం పట్టిన రోజుల్లో బోటు అంచు మీంచి జారిపోయాడు. శవం ఒడ్డుకి రాలేదు. వాడి పెళ్ళాం కర్మ చెయ్యనివ్వలేదు. వచ్చేత్తాడు, నాకు తెలుసు అంటుంది. ఏం చెప్తాం ఆవిడకి? ఈ ఏడు వాడి చోటు వరహాలు మా మోహన్‌కి ఇచ్చాడు.

నేను మోహన్ చేత పాడించి మూడో నంబరు వేసి పెట్టాను. దొరబాబు పాటని తీసి వేరే ఫోల్డరులోకి మార్చాను. చెరిపెయ్యడానికి మనసొప్పలేదు. పోయినోడి గొంతు కదా.

ఫోల్డరు మార్చానే గానీ, కడుపులో చీటీ మార్చలేదు. ఇంకా దానిలో బోటు పేరూ మూడో నంబరూ అలాగే ఉన్నాయి. నేనది చూసుకోలేదు.

బోట్లు కదలడానికి కొద్ది రోజుల ముందు బాక్సులు సరిగ్గా మోగుతున్నాయో లేదో చూద్దామని జెట్టీ మీదకి పట్టుకెళ్ళాను. పొద్దు వాలుతోంది. డీజిలు వాసన, ఎండు చేపల వాసన, అవతల పోర్టు నుంచి బొగ్గు దుమ్ము. కలాసీలు వలలు సర్దుకుంటూ ఒకళ్ళమీద ఒకళ్ళు జోకులేసుకుంటున్నారు. మోహన్ నన్ను చూసి, "అదుగో వచ్చిందిరా ఎమ్మెల్యే గారు, మైకిచ్చేయండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఆల్బమ్ నొక్కాను.

ఒకటో గొంతు, వరహాలుది. రెండో గొంతు. తర్వాత...

"ఓ... లాగండోయ్..."

లైను చివర గొంతు సాగింది. అలా సాగి, గాల్లో వదిలేసింది.

జెట్టీ మీద ఎవరూ కదల్లేదు. ఒకడి చేతిలో టీ గ్లాసు ఒలికిపోతోంది, చూసుకోవట్లేదు. నా చెయ్యి మౌసు మీదే ఉంది కానీ నొక్కడానికి రావట్లేదు. దొరబాబు పాట పూర్తయ్యేదాకా మోగింది. దాని వెనకే, అదే మూడో నంబరుతో, మోహన్ గొంతు మొదలైంది. అప్పుడు ఆపాను.

ఎవరూ బోటెక్కలేదు. నేను చూశాను కదా, అందరూ గట్టు మీదే ఉన్నారు. కానీ బల్ల కిర్రుమంది. గంగాలమ్మ తల్లి బోటు ఒక పక్కకి ఒరిగి మళ్ళీ సర్దుకుంది. ఏదో ఓడ పోతే లేచిన కెరటం అనుకున్నాను. ఓడలు వచ్చే ఛానెల్ వైపు చూస్తే ఓడా లేదు, పడవా లేదు.

"బుద్దుందేటే నీకు?" వరహాలు నా మీదకి వచ్చాడు. "కర్మ అవ్వనోడి గొంతు వేత్తావా? ఆడి చోటుకి ఆడ్ని పిలుత్తావా?"

"నాను పిలవలేదు వరహాలు మావా, ప్లేయరు కలిపేసింది," అన్నాను.

"ప్లేయరంట!" అని ఉమ్మేసి వెళ్ళిపోయాడు.

మోహన్ నవ్వేసి ఊరుకున్నాడు. ఇంటికొచ్చాక అత్తకి తెలిసింది. ఆమె అరవలేదు. అదే నాకు నచ్చలేదు. కత్తిపీట పక్కన పెట్టి నా వైపు చూసి, "ఆడి చోటు ఆడికి ఇచ్చీసినావు కదే. మరి నా కొడుకేటైపోతాడు?" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక నంబరు తప్పు పడితే మనుషులు ఏమైపోతారు? వెంటనే దొరబాబు పాట తెరిచి, చీటీలో ఆల్బమ్ పేరు తీసేశాను, నంబరు తీసేశాను. ప్లేయరుని మళ్ళీ గాలించమన్నాను. ఆల్బమ్ శుభ్రంగా ఉంది. మూడో చోటులో మోహన్ ఒక్కడే. పీడా పోయిందని పడుకున్నాను.

పొద్దున్న టీ తాగుతూ తెరిస్తే, మూడో నంబరు పాటలు మళ్ళీ రెండున్నాయి.

ఈసారి రెండింటి మీదా పాడినవాడి పేరు మోహన్ అనే ఉంది.

మొదటిది నొక్కితే మోహన్ గొంతు. రెండోది నొక్కితే దొరబాబు గొంతు. పేరు మాత్రం నా మొగుడిది.

అప్పుడు నాకు భయం వెయ్యలేదు. అనుమానం వేసింది. ఇది ఎవడో కావాలని చేస్తున్న పని. ల్యాప్‌టాప్ పాస్‌వర్డు ఎవరికి తెలుసు? నాకు, మా మరిదికి. వాడు మామూలు ఘనుడు కాదు. ఓసారి పెళ్ళింట్లో స్వాగతం పాట పేరు పెట్టి కుక్క అరుపు ఎక్కించాడు, పెళ్ళికొడుకు గుమ్మంలోకి రాగానే బౌబౌమంది. ఆ పార్టీ వాళ్ళు ఇప్పటికీ నాతో మాట్లాడరు.

మోహన్ మీద కూడా అనుమానం వచ్చింది. వేటకెళ్ళడానికి లోపల భయపడి, పైకి చెప్పుకోలేక తమ్ముడి చేత చేయిస్తున్నాడేమో అని. భోజనం దగ్గర వాడి మొహంలోకి అదేపనిగా చూశాను. "ఏటే అలా సూత్తన్నావ్, అప్పు పడ్డట్టు?" అన్నాడు. ఏం తెలిసినట్టు లేదు. అయినా నాకు నమ్మకం కుదర్లేదు.

సాయికి ఫోన్ చేసి తిట్టాల్సినవన్నీ తిట్టాను. మధ్యాహ్నానికి బస్సు పట్టుకుని వచ్చేశాడు. అక్కడే వాడి మీద సగం అనుమానం పోయింది, తప్పు చేసినవాడు అంత దూరం పరుగెత్తుకు రాడు.

"నీ ఒట్టు వదినా, నాను ముట్టుకోలేదు."

"నా మీద ఒట్లెయ్యకు. నీ మీదేసుకో."

"నా మీదొట్టు. దొరబాబు బావతో ఆటలాడతానేటి?"

వాడే పూనుకుని నెట్ తీసేశాడు. పాస్‌వర్డు మార్చాడు. దొరబాబు పాటని ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసి, ఆ పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టి, ల్యాప్‌టాప్‌లోంచి చెరిపేశాడు. "ఇప్పుడు సూడు వదినా. ఫైలే లేదు. ఇంక కడుపెక్కడ, సీటీ ఎక్కడ?" అని గాలించమని నొక్కాడు.

ఇద్దరం తెర వంక చూస్తూ కూర్చున్నాం. బయట మబ్బు పట్టింది. షాపులో పగలే లైటు వెయ్యాల్సొచ్చింది. ఆల్బమ్ వచ్చింది. ఒకటి. రెండు. మూడు. మళ్ళీ మూడు.

సాయి కుర్చీలో వెనక్కి జరిగాడు. పెన్‌డ్రైవ్ నా పిడికిట్లోనే ఉంది, చెమట పట్టి.

"ఎక్కడుంది అది?" అన్నాను.

వాడు చూశాడు. "అన్నయ్య పాటున్న ఫోల్డర్లోనే ఉంది. పక్కనే." చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని రెండోది నొక్కాడు. వింటున్నవాడు వింటున్నట్టే ఆగిపోయాడు.  అది తీసి నా చెవులకి పెట్టాడు.

మొదటి లైను దొరబాబుదే. రెండో లైనూ దొరబాబుదే, కానీ గొంతు కొంచెం బొంగురుగా ఉంది. మూడో లైనుకొచ్చేసరికి... అది మోహన్ బొంగురు. ఇంకెవరు తెచ్చిపెట్టుకున్నా రాని మోహన్ బొంగురు. నాలుగో లైనులో మళ్ళీ దొరబాబు జారి పైకొచ్చాడు. ఆగిపోయి, అదే లైను మళ్ళీ మొదలెట్టాడు. ఈసారి ఇంకొంచెం దగ్గరగా.

"వదినా," సాయి గుసగుసలాడాడు. "నేర్సుకుంటంది."

నాను ఆ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పడేసినాను.

"చెరిపేద్దాం రా," అన్నాను.

"వద్దు. రెండూ ఒకే పేరుతో ఉన్నాయి. ఏది ఎవుళిదో ఖాయంగా తెలిసే దాకా చెరపకు వదినా. నీకు దండం పెడతాను." అంతే, వాడు ఇంటి లోపలికి కూడా రాలేదు. గుమ్మం దగ్గరే అన్నని పలకరించి బస్సెక్కేశాడు.

అప్పుడు నాకు ఒకటే తోచింది. మోహన్ బోటెక్కకూడదు. పాటలు ఏవైపోతే నాకేం, ప్లేయరు ఏమైపోతే నాకేం. నా మొగుడు ఆ బల్ల మీద అడుగెయ్యకూడదు.

చెప్పాను. ఇల్లు ఎగిరిపోయింది.

"నెలల తరబడి ఇంట్లో కూకున్నాను! ఇప్పుడు మొదటి వేటకి మానేత్తే వరహాలు మళ్ళీ చోటిత్తాడేటి? ఎవుడో పాట కలిసిందని నోటికాడ కూడు తన్నుకుంటానా?" బకెట్టు తన్నాడు. అది పోయి అత్త కాళ్ళ దగ్గర పడింది.

"బకెట్టునేటి, నన్ను తన్ను. నువ్వెళ్ళవు."

కలాసీలకి గుర్తింపు కార్డులుంటాయి, అది లేకపోతే కోస్టు గార్డోళ్ళు ఊరుకోరు. వాడి కార్డు తీసి దాచేశాను. ఎక్కడ దాచానో చెప్పలేదు. వాడు ఇల్లంతా తిరగేశాడు. మంచాలు లేపాడు, బాక్సులు విప్పాడు. సందులో ఉన్నవాళ్ళందరికీ నా పుట్టుపూర్వోత్తరాలు వినిపించాడు. తిట్టనీ. బతికుండి తిడుతున్నాడు, నాకదే చాలు అనుకున్నాను.

బోట్లు రేపు తెల్లారి కదులుతాయనగా, సాయంకాలం షాపులో ల్యాప్‌టాప్ తెరిచాను. మూడో నంబరు పాటలు ఇంకా రెండున్నాయి. నిడివి ఒకటే. ఫైలు బరువు ఒకటే. రెండూ విన్నాను. మళ్ళీ విన్నాను. రెండూ మోహనే. మాటమాటా మోహనే. పాట మధ్యలో మావోడు ఒకచోట తడబడి నవ్వుతాడు, ఆ నవ్వు కూడా రెండింట్లోనూ ఉంది. పుట్టిననాటి నుంచీ సౌండు మధ్య పెరిగినదాన్ని, చిన్న గరగర ఉన్నా పట్టేస్తాను. పట్టలేకపోయాను.

పెరట్లోంచి మోహన్ కేకలు వినపడుతూనే ఉన్నాయి. "నా కార్డు తియ్యకపోతే నీ బాక్సులన్నీ సముద్రంలో పారేత్తాను! ఇనపడతందా? మైకులో సెప్పమంటావా?"

చెవికి బాగా నొక్కిపెట్టి ఇంకోసారి విన్నాను. ఒకదాంట్లో, పాట అయిపోయాక, చివర సన్నగా ఊపిరి తీసుకున్న చప్పుడు ఉంది. రెండోదాంట్లో లేదు. పాట అయిపోయింది, అంతే, ఏమీ లేదు.

ఊపిరున్నోడు నావోడు. ఇంకేటి కావాలి?

ఊపిరి లేని దాన్ని చెరిపేశాను.

పెరట్లో కేక ఆగిపోయింది. మాట మధ్యలో ఆగింది. వాన చినుకులు రేకు మీద పడుతున్న చప్పుడొక్కటే మిగిలింది.

"మావా?" అని పిలిచాను. పలుకు లేదు. "మావా!" లేచి రెండడుగులు వేశానో లేదో, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తల తడిసింది.

"ఏటి?" అన్నాడు.

"ఎందుకాపేశావ్ తిట్టడం?"

"ఏం లేదు."

"కార్డు..."

"వద్దులే. ఎల్లను."

నాకెంత సంతోషం వేసిందో తెలుసా? పెళ్ళయిన దగ్గర్నుంచీ నా మాట విన్నది అదే మొదటిసారి. ల్యాప్‌టాప్‌లో చూస్తే మూడో చోటులో ఒక్క పాటే ఉంది. ప్లేయరుని ఎన్నిసార్లు గాలించమన్నా ఒక్కటే. నేను గెలిచాననుకున్నాను. పిచ్చిదాన్ని.

తెల్లారగట్ల నేను జెట్టీకి వెళ్ళలేదు. మోహన్‌ని వదిలి కదల్లేదు. సాయిని బతిమాలి పిలిపించి, మూడో పాట లేకుండా చేసి ల్యాప్‌టాప్ ఇచ్చి జెట్టీకి పంపాను. వరహాలు మనిషిని పంపుతాడు, మోహన్ ఏడని గొడవ పెడతాడు, ఏం చెప్పాలా అని మాటలు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. సాయి వచ్చాడు, బాక్సులు దించి.

"ఏమన్నాడు వరహాలు?"

"ఏమీ అన్లేదు వదినా. అన్నయ్య గురించి అడగనే లేదు." వాడు నేల చూపులు చూస్తున్నాడు. "రెండో పాట అయ్యాక నాను నాలుగోది వేసినాను. మధ్యలో కొంచెం ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో... బల్ల ఊగింది వదినా. ఎవుళో నడిసినట్టు."

"కెరటం అయ్యుంటాది," అన్నాను. ఆ మాట నాకే నచ్చలేదు.

బోటు సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ ఇంట్లో గొడవే లేదు. మోహన్ వంక పెట్టకుండా తిన్నాడు. ఓరోజు పులుసులో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను, అది కూడా గమ్మున తినేశాడు. బయటికి వెళ్ళడు. ఫోన్ ముట్టుకోడు. పిలిస్తే "ఏటి" అంటాడు, అంతకు మించి లేదు. పనిలేక దిగులు పడుతున్నాడు, అలవాటవుతుందిలే అనుకున్నాను. అత్త మాత్రం చాప తెచ్చి షాపులో బాక్సుల మధ్య వేసుకుంది. వెనక గదిలో ఉక్కపోత అంది. ఫ్యానున్నది ఆ గదిలోనే. నా మీద కోపమనుకుని నేనూ అడగలేదు.

బోటు తిరిగొచ్చిందని సందులో కేకలు వినపడ్డాయి. పరుగెత్తి వీధిలోకి వెళ్ళాను. అందరూ వచ్చారు. ఒక్కడికి కూడా గీత పడలేదు. చేప కూడా బాగా పడిందట. అంటే ఏమీ జరగలేదన్నమాట. ఊరికే మొగుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి నవ్వులపాలయ్యానన్నమాట. సిగ్గేసింది, అయినా ప్రాణం హాయిగా ఉంది.

పొద్దు కుంకుతుండగా వరహాలు మా గుమ్మంలోకి వచ్చాడు. కరెంటు పోయి ఉంది. సన్నగా వాన. చేతిలో కూర చేపల బుట్ట.

"ఇంద. మీవోడు వాటా వొగ్గీసి వచ్చీసినాడు. గట్టుకి తగలగానే దిగి నడిసిపోనాడు, పిలిత్తే వెనక్కి సూడ్లేదు."

"ఎవురు మావా?"

"ఎవురేటే? మోహన్." నవ్వాడు వరహాలు. "అబ్బో, ఈ ట్రిప్పుకి పని సేసింది ఆడే. తాడు మీద సెయ్యి తియ్యలేదు. కూడు కూడా సరిగ్గా తిన్లేదు. పాడతానే ఉన్నాడు. అంత గొంతుందని నాకు తెల్దు సుమా!"

 వరహాలు నా భుజం మీంచి లోపలికి తొంగి చూశాడు. వెనక గదిలో లాంతరు పక్కన మోహన్ కంచం ముందు కూర్చుని తింటున్నాడు.

"అదుగో! అప్పుడే వచ్చి కూకున్నావేటిరా!" అని కేకేసి, బుట్ట నా చేతిలో పెట్టి, వానలో వెళ్ళిపోయాడు.

నాను తలుపేసి గడియ పెట్టినాను. బుట్టలో సేపలు ఇంకా కదులుతున్నాయి. కింద పెట్టినాను. ఎనక్కి తిరిగినాను. లాంతరు ఎలుగులో మోహన్ ముద్ద కలుపుతున్నాడు.

"మావా... నువ్వు ఎక్కడికైనా ఎల్లావా?"

"లేదు."

"వరహాలు నిన్ను సూసానంటన్నాడు. బోటు మీద."

ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. నా వైపు చూశాడు. 

అప్పుడు తలుపు కొట్టారు.

"రోజా..."

నాను పోయి గడియ పట్టుకున్నాను.

"రోజా, తలుపు తియ్యే. తడిసిపోతన్నాను." మోహన్ గొంతు. బొంగురు గొంతు. "కోపం తగ్గిందేటి నీకు? నా కార్డు బియ్యం డ్రమ్ములో దాసినావని నాకు తెల్దనుకున్నావా? తియ్యి."

నేను ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. సాయికి కూడా.

లోపల కంచం నేల మీద జరిగింది. "ఎవుళే అది?" అన్నాడు మోహన్, గొంతు తగ్గించి.  "రోజా... ఎవుళది? నా గొంతుతో మాట్లాడతన్నాడేటి? తియ్యకు. నీకు దండం పెడతాను, తియ్యకు."

 బయటున్నోడు తలుపుకి నోరు ఆనించి, చాలా మెల్లిగా...

"రోజా. లోపలెవుళున్నారు? ఎవుళో ఉన్నారు. నా గొంతే అది. బయటికొచ్చీ రోజా. ఆడి దగ్గరుండకు. బయటికొచ్చీ."

ఆ గొంతులోనూ భయమే. ఏడుపొచ్చేంత భయం. లోపలి గొంతుకీ బయటి గొంతుకీ ఈసమెత్తు తేడా లేదు. నాను చెవులు రిక్కించి విన్నాను, సౌండు మధ్య పుట్టినదాన్ని, ఊపిరి కోసం విన్నాను. లోపలున్నోడు ఊపిరి తీత్తన్నాడు. బయట ఉన్నోడూ తీత్తన్నాడు.

నా సెయ్యి గడియ మీదే ఉంది. తియ్యాలా, పట్టుకోవాలా? ఒకడు నా మొగుడు. ఒకడు కాడు. తప్పు సేత్తే నా మొగుణ్ణి నానే వానలో ఒగ్గీసినట్టు. లేకపోతే దాన్ని నానే ఇంట్లోకి పిలిసినట్టు.

బాక్సుల మధ్య నుంచి అత్త లేచింది. ఎన్నాళ్ళుగానో నిద్ర లేని మొహం. నాకు ప్రాణం లేచొచ్చింది. కన్నతల్లి కదా, ఆమెకి తెలీకుండా ఉంటాదేటి? చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను.

"అత్తా, సెప్పు. నాకు తెలీడం లేదు. నువ్వు సెప్పు. నీ కొడుకేడు?"

అత్త తలుపు దగ్గరకొచ్చి చెవి ఆనించింది. బయట నుంచి "రోజా" అని మళ్ళీ పిలిచాడు. ఆమె కళ్ళు మూసుకుని విని, తల అడ్డంగా ఊపింది.

"ఈడు కాడు," అంది గుసగుసగా.

హమ్మయ్య అనుకున్నాను.  గడియ ఇంకా గట్టిగా నొక్కి పట్టుకున్నాను. "అయితే లోపలున్నోడే మనోడు. నాను అదే అనుకున్నాను అత్తా. ఊపిరున్న పాటే ఉంచినాను. ఆడే మనోడు."

అత్త నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగేలా పట్టుకుంది. ఆమె లాంతరు వైపు చూడట్లేదు. ఇన్నాళ్ళూ ఆ గది వైపు ఎందుకు చూడలేదో నాకప్పుడు అర్థమయింది.

"ఆడూ కాడే," అంది.

"మరి... మరి నా మోహనేడత్తా?"

అత్త చూపు బల్ల మీదున్న ల్యాప్‌టాప్ వైపు తిరిగింది; ఊపిరి లేని పాట నేను చెరిపినప్పుడు పెరట్లో మాట మధ్యలో ఆగిపోయిన కేక గుర్తొచ్చింది. వెనక గదిలో లాంతరు పక్కనున్నోడు చెయ్యి కడుక్కుని లేచిన చప్పుడు వినపడింది. నా చేతి కింద గడియ మెల్లిగా కదిలింది.

"అమ్మా," అన్నారు ఇద్దరూ, ఒక్కసారే.